జుట్టు చూసి చుట్టరికమా?

చుట్టరికాలు కలపడంలో మనల్ని మించినవాళ్ళు ఈ భూప్రపంచంలో లేరు. రైల్లో ఎదురుసీటావిడ ఊరూ పేరూ చెప్పడం పూర్తి కాకముందే, ఆవిడ తోటికోడలి పుట్టింటివాళ్ళు మన పెద్దమ్మ ఆడపడుచుకి వేలువిడిచిన చుట్టాలని తేల్చేస్తాం. స్టేషను వచ్చేసరికి "వదినగారూ" అని పిలుచుకుంటూ దిగుతాం. అంత ధాటీగా చుట్టరికాలు కలిపే మనం కూడా ఒక పద్ధతి పాటిస్తాం. ఇంటిపేరు అడుగుతాం. అమ్మమ్మగారి ఊరు అడుగుతాం. ఎవరి కడుపున ఎవరు పుట్టేరో ఆరా తీస్తాం. అంతేగాని "మీకూ ఉంగరాల జుట్టే, నాకూ ఉంగరాల జుట్టే, కాబట్టి మనం అక్కచెల్లెళ్ళం" అని ఎవరూ అనరు. అలా అన్నావిడ ఎవరైనా తగిలితే మన పెట్టె తీసుకుని పక్క పెట్టెలోకి మారిపోతాం.

మనం రైల్లో చెయ్యని ఆ పని పెద్ద పెద్ద పుస్తకాల్లో జరిగింది. జుట్టు చూసి చుట్టరికం కలిపేరు. ఎవరికంటారా? రాక్షసబల్లులకి. అవే, డైనోసార్లకి.

నవ్వకండి. "ఎప్పుడో చచ్చి రాళ్ళయిపోయిన బల్లుల చుట్టరికం మనకెందుకమ్మా, అవతల పొయ్యిమీద పప్పు మాడిపోతోంది" అంటారేమో. పప్పు దింపేసి రండి, నేను ఆగుతాను. మన పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ బొమ్మల దగ్గర్నుంచి, ఒక ముఖాన్ని చూసి మనం ఇచ్చే తీర్పుల దాకా ఈ గొడవకి సంబంధం ఉంది.

కథానాయిక పేరు డైలోఫోసారస్. రెండు జుట్ల బల్లి అని అర్థం. కోడిపుంజుకి తలమీద ఒక జుట్టుంటే దీనికి జంటజుట్టు. ముక్కు దగ్గర్నుంచి కళ్ళ పైదాకా పక్కపక్కనే రెండు పల్చటి ఎముక రేకులు నిలబడి ఉండేవి. రెండు కాళ్ళమీద నడిచేది. మాంసం తినేది. ముక్కు కొస నుంచి తోక కొస దాకా కొలిస్తే 20 అడుగులు దాటుతుంది. బరువు సుమారు 400 కిలోలు. అమెరికాలో ఇప్పుడు ఆరిజోనా అంటున్నచోట, 18 కోట్ల ఏళ్ళకి పైగా వెనక బతికింది. అది ఎంత వెనకో అంత తేలిగ్గా ఊహకందదు. అందరికీ తెలిసిన టైరనోసారస్ రెక్స్ ఉందే, దాని కాలానికీ మన కాలానికీ మధ్య ఉన్న దూరం కంటే, దానికీ డైలోఫోసారస్‌కీ మధ్య ఉన్న దూరం చాలా ఎక్కువ. రెండింటినీ ఒకే బొమ్మలో పక్కపక్కన నిలబెట్టి పిల్లలకి అమ్మేవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

ఇక దీని బారసాల కథ వినండి. 1940లో ట్యూబా సిటీ అనే ఊరి దగ్గర, నవాహో తెగకి చెందిన జెస్సీ విలియమ్స్ అనే ఆయన ఆ ఎముకల్ని మొట్టమొదట చూశాడు. 1942లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి సామ్యూల్ వెల్స్ బృందం అటు వస్తే, దగ్గరుండి తీసుకెళ్ళి చూపించాడు. తవ్వేరు, మోసుకెళ్ళేరు, ఏళ్ళ తరబడి కూర్చుని శుభ్రం చేసి నిలబెట్టేరు. 1954లో పేరు పెట్టేరు. ఎవరి పేరు? జాన్ వెదరిల్ అనే వ్యాపారి పేరు. ఆయన శాస్త్రవేత్తలకి ఎంతో సాయపడిన పెద్దమనిషే, కాదనను. కాని ఎముకలు కనిపెట్టింది ఆయన కాదు. తెల్లారకుండా లేచి పిండి రుబ్బింది ఒకరు, చుట్టాలు భోజనాలయ్యాక మెచ్చుకున్నది ఇంకొకరిని. ఈ న్యాయం మనకి కొత్తది కాదు గనక ముందుకి పోదాం.

అప్పుడు పెట్టిన పేరు డైలోఫోసారస్ కాదు, మెగలోసారస్ వెదరిల్లై. మెగలోసారస్ అనేది ఇంగ్లండులో దొరికిన జంతువు. 1824లో విలియం బక్లాండ్ దానికి ఆ పేరు పెట్టేడు. ఆ తరవాత నూరేళ్ళకి పైగా, ఎక్కడ ఏ మాంసాహారి డైనోసార్ ఎముక దొరికినా, ఏమిటో తెలియకపోతే చాలు, అందులో పడేశారు. అది కుటుంబం కాదు, కలగూరగంప. మన కథానాయిక కూడా మొదట ఆ గంపలోనే పడింది.

1964లో వెల్స్ మళ్ళీ ఆ ప్రాంతానికి వెళ్ళేడు. ఇంకా పెద్ద అస్థిపంజరం దొరికింది. దాని తలమీద జుట్టు స్పష్టంగా ఉంది! అప్పుడు పాతదాన్ని మళ్ళీ చూసుకుంటే, అందులోనూ జుట్టు ముక్క ఉంది. నలిగి చెదిరిపోయి ఉండడంతో అన్నేళ్ళూ దాన్ని చోటు తప్పిన చెంప ఎముక అనుకున్నారు. 1970లో రెండో బారసాల చేసి డైలోఫోసారస్ అన్నారు. ఇంతవరకూ బాగానే ఉంది. పేరు జుట్టుని బట్టి పెట్టుకోవచ్చు. తెల్లగా ఉన్న ఆవుని తెల్లావు అంటే ఎవరికి నష్టం? ఆ పేరు పట్టుకుని తెల్లావులన్నీ ఒక తల్లి బిడ్డలే అంటేనే వస్తుంది చిక్కు.

ఆ చిక్కు ఎలా వచ్చిందో చూడండి. 1990 దీని జాతకంలో పెద్ద సంవత్సరం. ఆ ఏడే లండన్ మ్యూజియం శాస్త్రవేత్తలు అలన్ చారిగ్, ఏంజెలా మిల్నర్ డైలోఫోసారిడే అని ఒక కుటుంబానికి పేరు పెట్టేరు. ఆ ఏడే తిమొతీ రో, జాక్ గోథియే అనే ఇద్దరు, దీన్ని సీలోఫిసిస్ అనే సన్నపాటి డైనోసార్‌తోనూ, ముక్కుమీద కొమ్మున్న సెరటోసారస్‌తోనూ కలిపి ఒక శాఖలో పెట్టేరు. సీలోఫిసిస్‌కీ దీనికీ పైదవడలో ముక్కు కింద ఒక నొక్కుంది. ఆ నొక్కే ఈ వియ్యానికి ఒక ఆధారం. ఆ ఏడే మైకేల్ క్రైటన్ తన జురాసిక్ పార్క్ నవలలో దీని నోటికి విషం అంటగట్టేడు. ఒకే సంవత్సరంలో ఒక ఇంటిపేరు, ఇంకో ఇంటి చుట్టరికం, లేని విషం. పాపం, ఏ ఆడపిల్లకీ రాకూడదు అలాంటి సంవత్సరం.

కుటుంబానికి పేరైతే పెట్టేరు, మరి సభ్యులో? సభ్యుల్ని వెతకడం మొదలైంది. ఎలా వెతికేరంటారా? తలలు చూసి.

దక్షిణ ధ్రువం వైపు అంటార్కిటికాలో, కిర్క్‌పాట్రిక్ అనే కొండమీద మంచులో దొరికింది క్రయోలోఫోసారస్. విలియం హామర్, విలియం హికర్సన్ 1994లో పేరు పెట్టేరు. దానికీ తలమీద జుట్టుంది. కాని డైలోఫోసారస్ జుట్టులా ముక్కు వెంబడి నిలువుగా కాదు, కళ్ళ పైన అడ్డంగా, దువ్వెన పెట్టినట్టు ఉంటుంది. ఎల్విస్ ప్రెస్లీ అనే పాటగాడి క్రాపులా ఉందని దానికి ఎల్విసారస్ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. చైనాలో యునాన్ రాష్ట్రంలో ఇంకోటి. జంటజుట్టు చూసి 1993లో దాన్ని ఏకంగా "చైనా డైలోఫోసారస్" అనేశారు. తరవాత తీరిగ్గా ఎముకా ఎముకా పోల్చి చూసుకుంటే, అది సైనోసారస్ అనే వేరే జంతువని తేలింది. దక్షిణాఫ్రికాలో డ్రాకోవెనేటర్ అని ఒకటి. దొరికింది పుర్రె ముక్కలు. 2005లో పేరు పెట్టేరు. అర్జెంటీనాలో జుపాయిసారస్. జుపాయ్ అంటే అక్కడి కెచువా భాషలో సైతాను. 2003లో పేరు పెట్టినప్పుడు దానికీ జంటజుట్టుందన్నారు. నాలుగేళ్ళు తిరక్కుండానే మార్టిన్ ఎజ్‌కుర్రా అనే ఆయన పరీక్షించి, అది జుట్టే కాదు, కంటి దగ్గరి ఎముకలు రాతిలో చోటు తప్పి పైకి లేచేయన్నాడు.

ఇందులో చమత్కారం గమనించేరా? ఆరిజోనాలో నిజమైన జుట్టుని చూసి చెంప ఎముక అనుకున్నారు. అర్జెంటీనాలో కంటి ఎముకని చూసి జుట్టు అనుకున్నారు. ఇలాంటి జుట్టునా మనం నమ్ముకుని చుట్టరికం కలపడం?

"జుట్టుంటే చుట్టరికం ఉండకూడదా?" అని మీరడగొచ్చు. ఉండొచ్చు. కాని జుట్టు దానికి సాక్ష్యం కాదు. అమెరికా దాకా ఎందుకు, మన పెరట్లోకే రండి. కోడికి జుట్టుంది. నెమలికి తలమీద తురాయి ఉంది. రెండూ ఒకే కుటుంబం. సరే, ఇక్కడ జుట్టు నిజమే చెప్పింది. పిగిలిపిట్టకీ జుట్టుంది. దానికీ కోడికీ ఏ సంబంధమూ లేదు. పోనీ కౌజుపిట్టని చూడండి. తల బోడి. జుట్టు పేరెత్తడానికి లేదు. కాని అది కోడికి స్వయానా దగ్గర చుట్టం, అదే కుటుంబం. జుట్టు చూసి వరస కలిపేవాళ్ళైతే పిగిలిపిట్టని ఇంట్లో కూర్చోబెట్టి, కౌజుపిట్టని గడప అవతల నిలబెడతారు.

ఎందుకిలా అవుతుంది? జుట్టు అలంకారం గనక. అలంకారం చాలా తేలిగ్గా పుడుతుంది, తేలిగ్గా పోతుంది. తోటివాళ్ళని ఆకట్టుకోవడానికో, జతని వెతుక్కోవడానికో, మనవాళ్ళెవరో గుర్తుపట్టడానికో ఎన్ని జీవాలు ఎన్నిసార్లు దాన్ని విడివిడిగా తయారుచేసుకున్నాయో! 2006లో చైనా నుంచి గ్వాన్‌లాంగ్ అనే డైనోసార్ సంగతి బయటికొచ్చింది. పేరుకి కిరీటధారి డ్రాగన్ అని అర్థం. ముక్కుమీద నిలువెత్తు జుట్టు. దాని చుట్టాలెవరో తెలుసా? టైరనోసారస్ వంశం! నగలు చూసి గోత్రం చెప్పకూడదని మన పెద్దవాళ్ళకి తెలుసు. ఒకే కొట్లో ఒకే రకం నెక్లెసు కొనుక్కున్నంతమాత్రాన ఇద్దరు ఆడవాళ్ళు ఒక తల్లి బిడ్డలవుతారా?

చుట్టరికం తేల్చే పద్ధతిని విల్లీ హెన్నిగ్ అనే జర్మన్ పురుగుల శాస్త్రవేత్త 1950లోనే రాసి పెట్టేడు. అందరికీ ఉన్న పోలిక పనికిరాదు. రెండు చేతులున్నాయి గనక మనం చుట్టాలం అంటే ఊరంతా చుట్టాలే. ఎవరికి వాళ్ళు విడిగా సంపాదించుకున్న పోలికా పనికిరాదు. ఒకే తాత దగ్గర కొత్తగా పుట్టి, ఆ తాత పిల్లలకి మాత్రమే సంక్రమించిన పోలికలే లెక్కలోకొస్తాయి. అవి తలమీదే ఉండక్కర్లేదు. చీలమండలో ఉండొచ్చు, తుంటి ఎముకలో ఉండొచ్చు, చెవి వెనక ఎవరికీ కనపడని చిన్న రంధ్రంలో ఉండొచ్చు. వందలకొద్దీ అలాంటి గుర్తులు రాసుకుని, లెక్క కట్టి, ఏ చెట్టు తక్కువ మెలికలతో అన్నింటినీ సర్దుతుందో చూడాలి. మన పేరయ్యశాస్త్రులు కూడా ఇంత ఓపిగ్గా సంబంధాలు చూడరు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. 2007లో నేథన్ స్మిత్ బృందం ఈ లెక్కలన్నీ కట్టే, డైలోఫోసారస్, క్రయోలోఫోసారస్, డ్రాకోవెనేటర్, చైనా జంతువు, నాలుగూ ఒకే గుంపని చెప్పింది. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు, కేవలం జుట్టు చూసి చెప్పనూ లేదు. కాని కుటుంబంలో వాళ్ళందర్నీ కట్టి ఉంచిన తాళ్ళలో జుట్టు చుట్టూ అల్లుకున్న గుర్తులే గట్టివి. ఒక్క జుట్టునే ఎత్తని, రేకని, రేకు మొదలని నాలుగు రకాలుగా రాసుకుంటే అది నాలుగు సాక్ష్యాలవుతుందా? ఒకే సాక్షి నాలుగుసార్లు బోనెక్కినట్టు. అయిదేళ్ళు తిరిగేసరికి 2012లో మేథ్యూ కరానో బృందం లెక్క కడితే క్రయోలోఫోసారస్, సైనోసారస్ రెండూ డైలోఫోసారస్‌ని వదిలేసి, పక్షులకి దగ్గరి కొమ్మ మీదకి వెళ్ళిపోయేయి.

చివరికి 2020లో ఏడమ్ మార్ష్, తిమొతీ రో కలిసి, కొత్తగా దొరికిన రెండు నమూనాలతో సహా డైలోఫోసారస్‌ని ఆపాదమస్తకం పరీక్షించేరు. ఆ తిమొతీ రో ఎవరో గుర్తుపట్టేరా? 1990లో దీన్ని సీలోఫిసిస్ పక్కన కూర్చోబెట్టిన ఇద్దరిలో ఒకరు. ముప్ఫయ్యేళ్ళ తరవాత ఆయనే తన పాత మాట పక్కనపెట్టి, ఎముకలు చెప్పింది రాశారు. అది చూస్తే ఎంత ముచ్చటేసిందో! మన ఇళ్ళల్లో ముప్ఫయ్యేళ్ళ కిందట ఒక కోడలి గురించి అన్న మాటని వెనక్కి తీసుకున్న పెద్దవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

వాళ్ళు తేల్చిందేమిటంటే, డైలోఫోసారస్‌ది వేరే కొమ్మ, క్రయోలోఫోసారస్‌ది వేరే కొమ్మ, జుపాయిసారస్‌ది వేరే కొమ్మ. అన్నీ ఒకే పెద్ద కాండం మీద, కాని వేరువేరు చోట్ల మొలిచేయి. ఆ కాండమే ఇంకా పైకి పోయి ఒకవైపు సెరటోసారస్ వాళ్ళుగా, ఇంకోవైపు టైరనోసారస్ వాళ్ళుగా, పక్షులుగా చీలింది. అంటే డైలోఫోసారస్‌కి మన పెరటి కోడితో దూరపు చుట్టరికం ఉంది. కాని అది జుట్టు వల్ల వచ్చింది కాదు. జుట్టు లేని పిచ్చికతోనూ దానికి సరిగ్గా అంతే చుట్టరికం ఉంది.

ఇంకో సంగతి. మొదటి అస్థిపంజరంలో లేని ఎముకల చోట పూర్వం సున్నపు ముద్దతో పూడ్చేరు. ఆ పూడ్చినవాటిని కూడా కొందరు నిజం ఎముకలుగా నమ్మేశారు. ఆ నొక్కున్న దవడ బలహీనమైందనీ, ఇది సరిగ్గా కరవలేదనీ, చచ్చిన జంతువుల్ని పీక్కు తినేదనీ ప్రచారం జరిగింది. 2020 పరీక్షలో ఆ దవడలు గట్టి కండరాలు అంటుకున్న బలమైన దవడలని తేలింది. ముఖంలో ఒక నొక్కు కనపడితే చాలు, "బలహీనురాలు, సొంతంగా సంపాదించుకోలేదు" అనేశారన్న మాట! వినడానికి మనకెక్కడో తెలిసిన మాటలా లేదూ?

దీన్ని మించిన అన్యాయం సినిమా చేసింది. 1993లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన జురాసిక్ పార్క్‌లో ఈ 20 అడుగుల జంతువుని మనిషి కన్నా పొట్టిదాన్ని చేశారు. మెడచుట్టూ ఆస్ట్రేలియా బల్లికుండే విసనకర్రలాంటి చర్మం అతికించేరు. నవల్లోని విషాన్ని ముఖమ్మీద ఉమ్మించేరు. ఆ విసనకర్రకీ విషానికీ ఒక్క ఎముకలోనూ ఆధారం లేదు. అయినా బజార్లో ఈ జంతువు బొమ్మలకి మెడలో ఆ విసనకర్ర ఉండాల్సిందే. "సినిమా కదండీ, ఆమాత్రం కల్పన ఉండదా?" అంటారు. ఉండనివ్వండి. లేని జంతువుని కల్పించుకుని దానికి ఎంత విషమైనా పోసుకోండి, ఎవరొద్దన్నారు? నిజంగా పుట్టి, నిజంగా బతికిన ప్రాణి పేరు పెట్టి లేని గుణాలు అంటగడితే దాన్ని కల్పన అనరు, చాడీ అంటారు.

ఆ ప్రాణి ఎలా బతికిందో ఎముకలు చెబుతున్నాయి వినండి. జెస్సీ విలియమ్స్ చూపించిన ఆ మొదటి అస్థిపంజరాన్ని 2016లో ఫిల్ సెంటర్, శారా యుంగ్‌స్ట్ పరిశీలించేరు. భుజాల్లో, చేతుల్లో కలిపి ఎనిమిది గాయాల గుర్తులు. మాంసాహారి డైనోసార్లలో ఒక్క జంతువు చేతుల్లో అన్ని దెబ్బలు అంతకుముందు చూడలేదు. కొన్ని మానిన గుర్తులూ ఉన్నాయి. అంటే ఆ చేతులతోనే, ఆ నొప్పితోనే చాలాకాలం బతికింది. ఎముకల్లో కనిపించే ఈ ఓర్పు ఏ బొమ్మల కొట్లోనూ దొరకదు. లేని విషం మాత్రం డజన్ల లెక్కన దొరుకుతుంది.

ఇప్పటికీ డైలోఫోసారిడే అనే ఇంటిపేరు వదల్లేనివాళ్ళున్నారు. తలమీద ఏదో ఒకటి లేచి ఉన్న పాతకాలపు మాంసాహారులన్నింటినీ ఒకే అరుగుమీద కూర్చోబెట్టిన బొమ్మల పుస్తకాలూ ఉన్నాయి. రేపు ఇంకో ఎముక దొరికి, నిజమైన తోబుట్టువు ఎవరో తేలితే మంచిదే, నాలుగు అక్షింతలు వేద్దాం. అంతదాకా కాస్త ఓపిక పట్టలేరా?

మీ పిల్లలు ఆ విసనకర్ర బొమ్మ పట్టుకుని "అమ్మా, ఇది విషం కక్కుతుంది" అంటే, కక్కదని చెప్పండి. "ఇదీ అదీ ఒకే కుటుంబమా, రెండింటికీ జుట్టుంది కదా?" అని అడిగితే, పిగిలిపిట్టనీ కౌజుపిట్టనీ చూపించండి. ముఖం చూసి వంశం, నొక్కు చూసి బలం, సినిమా చూసి స్వభావం నిర్ణయించడం ఆ వయసులో అలవాటైతే, రేపు వాళ్ళు మనుషుల్ని కూడా అలాగే నిర్ణయిస్తారు.

ప్రస్తుతానికి డైలోఫోసారస్ ఒంటికాయ శొంఠికొమ్ము. ఉండనివ్వండి. ఒంటరిగా కనిపించిన ప్రతిదానికీ ఎవరో ఒకర్ని అంటగట్టేదాకా నిద్రపట్టకపోవడం చూసేవాళ్ళ జబ్బు. దానికి మాత్రం 18 కోట్ల ఏళ్ళుగా ఏ చుట్టమూ రాకపోయినా నిద్ర చక్కగానే పట్టింది.